పల్లవక్క ఎత్తిన పాట

పాట ఎవరిది? ఎత్తినవాళ్లదా, అందుకున్నవాళ్లదా?

ఇన్నేళ్లు పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను గాని ఈ ఒక్కదానికీ జవాబు దొరకలేదు. సంగీతం తెలిసినవాళ్లను అడిగితే నవ్వి ఊరుకున్నారు. బైబిలు వాక్యం తెలిసినవాళ్లను అడిగితే పాట దేవుడిది అన్నారు. అది కాదనను. కానీ పల్లవక్క గుర్తొచ్చినప్పుడల్లా ఆ జవాబు చాలదనిపిస్తుంది. ఆమె ఇప్పుడెక్కడుందో, అసలు ఉందో లేదో నాకు తెలియదు.

మా చర్చి సంఘంలో అందరూ పాడతారు, కానీ అందరూ ఒక్కసారి మొదలుపెట్టరు. ఒకరు లేచి పల్లవిలో మొదటి మాటలు పాడతారు. దాన్ని పాట ఎత్తడం అంటారు. ఆ మాటలు గాల్లో ఉండగానే మిగతావాళ్లు కలుస్తారు. అది అందుకోవడం. ఎత్తడం చూసినంత తేలిక కాదు. కాస్త పైనుంచి ఎత్తారంటే చరణం దగ్గరకొచ్చేసరికి ముసలివాళ్ల గొంతులు తెగిపోతాయి. మరీ కిందినుంచి ఎత్తితే పిల్లలు పాడటం మానేసి కాళ్లూపుకుంటూ కూర్చుంటారు. అందుకని పల్లవక్క లేచిన వెంటనే పాడేది కాదు. ముందు బెంచీల వైపు చూసేది. ఎవరొచ్చారు, ఎవరికి జలుబు చేసింది, ఎవరింట్లో జబ్బు మనిషి ఉన్నారు, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేసి దూరంగా కూర్చున్నారు, అన్నీ ఆ చూపులో పడేవి. ఆ తర్వాత, ఈ పూట వీళ్లందరూ మోయగలిగిన బరువెంతో అంత చూసి, పాట ఎత్తేది.

ఆమె అసలు పేరు నాకు తెలుసు. ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. చిన్నా పెద్దా అందరికీ పల్లవక్కే.

ఆసుపత్రి వెనక, బాయిలరు గదిని ఆనుకుని గుడ్డల గది ఉండేది. ఆమె ఉద్యోగం అందులో. రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషను గది పచ్చగుడ్డలు ఉతికి ఆరి అక్కడికి వచ్చేవి. చిరిగినవాటిని పక్కకు తీసి, చిరుగు అంచులు మడిచి, అతుకు పెట్టి మిషను మీద కుట్టేది. వాటి మీద పడుకునేవాళ్లకు అతుకు ఒత్తుకోకూడదని కుట్టు లోపలికి తిప్పేది. తొక్కుడు మిషను చప్పుడు మీద పాటలు గొణుక్కునేది. చేతులు ఎప్పుడూ బ్లీచింగు పొడి వాసన వేసేవి. నేను ఒకసారి అక్కడికి వెళితే, పేర్చిన దుప్పట్ల మధ్య నుంచి ముఖం బయటపెట్టి, "రా అమ్మాయ్, కూర్చో. అన్నీ ఉతికినవేలే, ఏ జబ్బూ అంటుకోదు. పాట మాత్రం అంటుకుంటుంది జాగ్రత్త" అంది.

నాకు అంటుకోలేదు. నాది పాటకు లొంగే గొంతు కాదు. ఆమె వెనక బెంచీలో కూర్చుని పెదవులు కదిపేదాన్ని.

ఆమె పాటలు ఎత్తడం ఎలా మొదలైందో చెప్పాలి. అంతకు ముందు ఆ పని మా సంఘపెద్ద ఒకాయన చేసేవాడు. ఏది అడిగినా "నియమం నియమమే" అనేవాడు గనుక ఆయన్ను నియమం గారు అనేవాళ్లం. ఎదురుగా కాదు, చాటున. మాకు ఒకే మాటలతో మొదలయ్యే పాటలు రెండున్నాయి. రెండూ "వాకిట నిలిచితిమి" అనే మొదలవుతాయి. ఒకటి ఆరాధన ఆరంభంలో పాడేది, రెండోది సమాధి దగ్గర పాడేది. మొదటిదాంట్లో "నిలిచితిమి" దగ్గర గొంతు పైకి వెళుతుంది. రెండోదాంట్లో కిందికి దిగుతుంది. ఆ ఒక్క మాట దాకా ఏ పాటో ఎవరూ చెప్పలేరు.

ఒక పెళ్లిలో నియమం గారు ఆ పాట ఎత్తి, దిగకూడని చోట దిగారు. మేమందరం దాన్ని అలాగే అందుకున్నాం. ఎత్తింది అందుకోవడమే గాని అది ఏ పాట అని ఆలోచించే అలవాటు మాకు లేదు. రెండో పాదం కూడా భక్తిగా పాడేశాం. అప్పుడు పెళ్లికూతురి నాయనమ్మ లేచి, "ఆపండ్రా! నా మనవరాలు ఇంకా బతికే ఉంది!" అని అరిచింది. పాట ఎక్కడిదక్కడ తెగి కింద పడింది. నియమం గారి ముఖం కందగడ్డలా అయింది. ఆ నిశ్శబ్దంలో పక్క బెంచీ నుంచి ఒక ఆడపిల్ల, చంకలో చంటివాడితో లేచి, తెగిన చోటనే పట్టుకుని రాగాన్ని మెల్లగా పైకి తిప్పింది. చూస్తుండగానే అది పెళ్లికి తగిన పాట అయిపోయింది. బయటికొచ్చాక నియమం గారు ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "నేను ఇంకో పెళ్లి చెడగొట్టకముందే, ఇకనుంచి నువ్వే ఎత్తు తల్లీ" అన్నారు.

ఆ చంకలో ఉన్నవాడు ఆమె తమ్ముడు. ఏదో విషజ్వరం వచ్చి తల్లీ తండ్రీ వెంటవెంటనే పోతే వాడు ఆమె చంకకెక్కాడు, చాలాకాలం దిగలేదు. వాణ్ణి ఎత్తుకునే ఆసుపత్రిలో పనికి చేరింది, వాణ్ణి ఎత్తుకునే ఆరాధనకు వచ్చేది. ఆమె పాడుతుంటే వాడు అరచేత్తో ఆమె వీపు మీద తట్టేవాడు. తప్పకుండా, సరిగ్గా తాళానికి. "వీడు నా వీపు మీదే నేర్చుకున్నాడు" అనేది తర్వాత. "డోలక్కు కొనకముందు నేనే వాడి డోలక్కుని."

ఆమె పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా కదిపితే, "ఒకణ్ణి పెంచాను, చాలదా? మళ్లీ ఇంకొకణ్ణి పెంచే ఓపిక లేదు తల్లీ" అని నవ్వేసేది. నవ్వితే చిగుళ్లు కనిపించేవి.

తమ్ముడు పెద్దయ్యాక ఒక అచ్చాఫీసులో చేరాడు. ఆదివారం డోలక్కు తెచ్చి అక్క పక్కన కూర్చునేవాడు. మొదట్లో నియమం గారు ఒప్పుకోలేదు.

"ఇది ఆరాధన మందిరమా, ఊరేగింపా?" అన్నారు.

"బాబాయ్, పాట పాడేటప్పుడు మీ కాలు ఊగుతుంది, నేను వారం వారం చూస్తున్నా" అంది పల్లవక్క. "వచ్చే వారం ఆ కాలు ఇంట్లో పెట్టి రండి. వీడు కూడా డోలక్కు ఇంట్లో పెట్టి వస్తాడు."

బెంచీలన్నీ నవ్వాయి. నియమం గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. డోలక్కు లోపలికి వచ్చింది. కుర్రాడికి తాళం అనే పేరు వచ్చింది. అక్కేమో పల్లవి, తమ్ముడేమో తాళం. వాళ్లిద్దరూ వస్తుంటే "పాట వస్తోంది" అనేవాళ్లు పిల్లలు.

ఆ రోజుల్లో మా ఆరాధన ఎలా ఉండేదో ఇప్పటివాళ్లకు చెబితే నమ్మరు. రేకుల కప్పు, సున్నం పెచ్చులు ఊడిన గోడలు, ఎండొస్తే బల్లలు అంటుకునేంత వేడి. కానీ ఆ అక్క ఎత్తగా, ఆ తమ్ముడు వేళ్లు ఆడించగా, వారమంతా రాళ్లు కొట్టి వచ్చినవాళ్లు, పొద్దున్నే మొగుడి చేత తిట్లు తిని వచ్చినవాళ్లు, అప్పుడే ఆసుపత్రిలో బిడ్డను పోగొట్టుకుని వచ్చినవాళ్లు కూడా ఒకే ఊపిరి తీసుకునేవాళ్లు. ఆమె ఊపిరి కోసం ఆగే చోట అతను దెబ్బ ఒకటి వదిలేసేవాడు. ఆ ఖాళీలో మేమందరం గాలి పీల్చుకునేవాళ్లం. నా వరకు నాకు ఆ ఖాళీయే ప్రార్థన.

తర్వాత అచ్చాఫీసులో కాగితాలు కోసే మిషను కింద అతని కుడిచెయ్యి పడింది. బొటనవేలు తప్ప ఏమీ మిగల్లేదు. పల్లవక్క పనిచేసే ఆసుపత్రికే తీసుకొచ్చారు. ఆపరేషను గది నుంచి ఆ రోజు కిందికి దిగిన పచ్చగుడ్డల్లో తమ్ముడివి ఏవో ఆమెకు తెలియలేదు. అన్నింటినీ తనే చన్నీళ్లలో నానబెట్టింది. వేడినీళ్లు పోస్తే మరక నిలిచిపోతుందని నాకు చెప్పింది, ఏడవకుండా, ఎవరికో పని నేర్పుతున్నట్టు.

అతను మళ్లీ ఆరాధనకు వచ్చిన రోజు అందరూ నేల చూపులు చూశారు. అతనే మాట్లాడాడు. "తాళం పోయింది గాని చెవి మిగిలిందిలే" అన్నాడు. ఎవరో ఫక్కున నవ్వి, నవ్వినందుకు నోరు మూసుకున్నారు. అతను వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ చెవే అతనికి శత్రువైంది. డోలక్కు లేకపోయేసరికి పాట నెమ్మదించి, ఒక్కొక్కరూ తమకు తోచిన చోట ఆగుతూ, ఈడ్చుకుంటూ నడిచేది. ప్రతి ఈడ్పుకీ అతని ముఖం ముడుచుకునేది. నేను చూస్తూనే ఉండేదాన్ని.

కొన్నాళ్లకు నియమం గారి అల్లుడు కీబోర్డు తెచ్చాడు. అందులో మీట నొక్కితే డోలక్కు మోగుతుంది, మళ్లీ నొక్కేదాకా ఆగదు. ఆ అల్లుడు చెడ్డవాడు కాదు, సంఘం మీద ప్రేమతోనే తెచ్చాడు. కానీ పల్లవక్క ఊపిరి కోసం ఆగితే పెట్టె ఆగేది కాదు. ఆమె పరిగెత్తి దాన్ని అందుకోవలసి వచ్చేది. "దానికి ఊపిరి లేదక్కా" అన్నాడు తమ్ముడు ఒకరోజు నా ముందే. "నువ్వు చచ్చిపోతున్నా అది వాయిస్తూనే ఉంటుంది."

"నోరు ముయ్. మాటలు మాత్రం బాగా వాయిస్తావు" అంది ఆమె.

అచ్చాఫీసువాళ్లు అతన్ని కొంతకాలం గుమ్మం దగ్గర కూర్చోబెట్టారు, తర్వాత అక్కర్లేదన్నారు. ఇంట్లో, అక్క పనికి వెళ్లాక, ఎడమచేత్తో నేర్చుకోవడం మొదలుపెట్టాడు. డోలక్కును అటుదిటు తిప్పి, ఎడమచేతి వేళ్లతో సన్నటి వైపు, కుడిచేతి మొండితో లావు వైపు గుమ్కీ మోత. మా ఇల్లు గోడ అవతలే కాబట్టి నాకు వినిపించేది. మొదట్లో తడబాటే. వానాకాలం దాటేసరికి నేను చదవడం ఆపి వినేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా పాస్టరు గారు ఒక ఆలోచన చేశారు. కొత్తగా వచ్చినవాడు, వయసులో చిన్నవాడు, మెతక మనిషి. ఒక ఆదివారం మొత్తం కళలకే ఇద్దామన్నారు. దేవుడిచ్చిన నేర్పు ఎవరిలో ఏదుంటే అది ఆ రోజు ఆయన ముందు పెట్టాలి. కుట్టేవాళ్లు ఆరాధన బల్ల మీదికి గుడ్డ కుట్టాలి, వడ్రంగి కొత్త ప్రసంగ పీఠం చెయ్యాలి, పిల్లలు బొమ్మలు వెయ్యాలి, కుర్రాళ్లు చిన్న నాటకం ఆడాలి. పాటలు పల్లవక్క ఎత్తాలి. సంఘమంతా కదిలింది. ఎన్నడూ నోరు విప్పని కుమ్మరి కూడా దీపపు కుండీలు చేస్తానన్నాడు.

తమ్ముడు వాయిస్తాడని పల్లవక్క చెప్పింది. అలవాటు చేసుకోవడానికి అందరూ చేరిన సాయంత్రం అతను వాయించాడు. బాగా వాయించాడు. ఆ ఖాళీ, ఊపిరి వదిలే ఆ ఖాళీ, మళ్లీ వచ్చింది. పాట అయ్యాక సంఘం కమిటీవాళ్లు ఒక మూలకు వెళ్లి మాట్లాడుకుని వచ్చారు. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు.

"చాలా బాగుంది తమ్ముడూ. కానీ ఆ రోజు బయటివాళ్లు కూడా వస్తారు కదా. అందరి చూపూ చేతి మీదికే పోతుందేమోనని పెద్దలు..." అని ఆగిపోయారు.

"పాట మీద ఉండాల్సిన ధ్యాస" అన్నారు నియమం గారు, తమ్ముడి వైపు చూడకుండా.

"అయితే వీడు కళ్లు మూసుకుని వాయిస్తాడు బాబాయ్" అంది పల్లవక్క.

"అతను మూసుకుంటే ఏం లాభమమ్మా, చూసేవాళ్లు కదా."

తమ్ముడే అక్క చెయ్యి పట్టి ఆపాడు. అతనికీ ఒక పని ఇవ్వాలని పాస్టరు గారు అప్పటికప్పుడు ఆలోచించి, నాటకానికి తెర లాగే పని ఇచ్చారు. తెర వెనక ఉండే పని, ఎవరికీ కనబడదు. "సరేనండీ. ఇన్నాళ్లూ తాళం వేశాను, ఇక తెర వేస్తాను" అన్నాడు అతను. అందరూ హాయిగా నవ్వారు. గండం గడిచిందనుకున్నారు. డోలక్కును ఇంటికి తీసుకెళ్లలేదు. తెర వెనకే, పక్క తలుపు దగ్గర, అక్క కుట్టిన ఆసుపత్రి దుప్పటి ముక్క కప్పి వదిలేశాడు.

ఆ వారంలోనే అతను తన ప్రాణం తాను తీసుకున్నాడు. ఎలాగో చెప్పను. పని నుంచి వచ్చి తలుపు తీసింది పల్లవక్క.

మా సంఘంలో అలా పోయినవాళ్లకు పాట లేదు. పాస్టరు గారు ప్రార్థన చేస్తారు, మట్టి కప్పుతారు, అంతే. ఈ నియమం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పల్లవక్క నన్ను తోడు తీసుకుని నియమం గారింటికి వెళ్లింది. ఆయన వరండాలో కుర్చీలో ఉన్నారు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు.

"బాబాయ్, ఒక్క పాట" అంది ఆమె. గుమ్మం దాటలేదు.

"కూర్చోమ్మా ముందు."

"కూర్చోను. పిన్నిని సాగనంపినప్పుడు పాట ఎవరెత్తారు?"

"నువ్వే."

"మీ పెద్దాడు పోయినప్పుడు?"

ఆ రోజు ఆయన పాడలేక ఆమె భుజం పట్టుకుని నిలబడటం సంఘమంతా చూసింది.

"ఈ సంఘంలో నేను పాట ఎత్తకుండా మట్టిలోకి పోయినవాళ్లు లేరు బాబాయ్. నా వీపు మీద తాళం వేసినవాడికి లేదంటారా?"

"నాకు లేదా అమ్మా బాధ? వాడు నా కళ్ల ముందు పెరిగాడు. కానీ నియమం నియమమే. రేపు ఇంకొకరు అడుగుతారు. వాడు చేతులారా చేసుకున్నాడు కదమ్మా."

పల్లవక్క చాలాసేపు ఆయన వైపు చూసింది. బెంచీల వైపు చూసే చూపు అది.

"ఏ చేతులు బాబాయ్?" అంది. "వాడికి చేతులారా అనడానికి రెండు చేతులెక్కడున్నాయి?"

నియమం గారు తన చేతుల వైపు చూసుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక కండువా కింద దాచుకున్నారు. చివరికి మెల్లగా, నిజానికి దయతోనే, అన్నారు: "నువ్వు ఎత్తుతానంటే ఎవరు ఆపుతారు తల్లీ? కానీ ఎవరూ అందుకోరు. కమిటీవాళ్లు అందరికీ చెప్పి ఉంచారు. నీ పాట అలా ఒంటరిగా నిలబడిపోతే నేను చూడలేను."

తిరిగొస్తూ ఆమె మా గుమ్మం దగ్గర ఆగి, "ఆయన చెప్పింది నిజమే అమ్మాయ్" అంది. "వాడు ఇన్నాళ్లూ ఒంటరిగా ఉన్నది చాలు. పాట కూడా ఒంటరిది ఇవ్వను."

సమాధి తోట చివర, గోడ వారగా గొయ్యి తీశారు. వచ్చినవాళ్లు చాలామందే. ఎవరినీ తప్పు పట్టలేను, అందరూ ఏడ్చారు. పాస్టరు గారు ప్రార్థన త్వరగా ముగించారు. పాట మొదలవ్వాల్సిన చోటు వచ్చింది. అక్కడ ఎప్పుడూ ఆమె గొంతు వినిపించేది గనుక అందరూ తెలియకుండానే గాలి పీల్చుకుని నిలబడ్డారు. పీల్చుకున్న గాలితో ఏం చెయ్యాలో తెలియలేదు. మట్టి పెళ్లలు పెట్టె మీద పడే చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు ఒక తాళానికి పడలేదు. పల్లవక్క పెదవులు బిగించి, చివరి పార దాకా నిలబడింది.

కళల ఆదివారం వాయిదా వెయ్యాలని కొందరన్నారు. ఏర్పాట్లన్నీ అయిపోయాయి, బయటివాళ్లను పిలిచేశారు. పాస్టరు గారు ఆమె దగ్గరికి వెళ్లి, "మీరు రాకపోయినా పరవాలేదమ్మా, మేము అర్థం చేసుకుంటాం" అన్నారు.

"వస్తానండీ" అంది. "మొదటి పాట నాదే కదా."

ఆ ఉదయం మా మందిరాన్ని నేను గుర్తుపట్టలేకపోయాను. బల్ల మీద ఆడవాళ్లు నెలల తరబడి కుట్టిన గుడ్డ, అంచుల నిండా గోధుమ వెన్నులు. కొత్త కర్ర వాసన వేస్తున్న పీఠం. దారానికి వేలాడదీసిన పిల్లల బొమ్మలు గాలికి తిరుగుతున్నాయి. కుమ్మరి కుండీల్లో దీపాలు. ఇంత అందం మాలోనే ఉండిందా అని ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. తెర మాత్రం మూసి ఉంది. ఆ పని ఎవరికిచ్చారో నేను అడగలేదు.

పల్లవక్క ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. బెంచీ చివర మేకుకు ఎప్పటిలాగే సంచీ తగిలించింది. ఆ సంచీ మాత్రం ఎప్పటికన్నా ఉబ్బుగా ఉంది. పాస్టరు గారు అందరినీ ఆహ్వానించి, ఆరంభ గీతం అన్నారు. నియమం గారి అల్లుడు మీట నొక్కాడు. పెట్టెలో డోలక్కు ఉత్సాహంగా మొదలైంది.

ఆమె లేచింది. "బాబూ, దాన్ని కాసేపు ఆపు" అంది. మామూలుగానే అంది. అతను ఆపేశాడు.

అప్పుడు బెంచీల వైపు చూసింది. ఆ చూపు ఎప్పుడూ ఉండేదానికన్నా ఎక్కువసేపు ఉంది. కుట్టినవాళ్లను చూసింది, వడ్రంగిని చూసింది, పిల్లలను చూసింది, ముందు వరసలో కళ్లు మూసుకుని సిద్ధంగా ఉన్న నియమం గారిని చూసింది. నన్నూ చూసింది. తర్వాత పాట ఎత్తింది.

"వాకిట..."

మేము ఊపిరి తీసుకున్నాం.

"...నిలిచితిమి."

ఆమె గొంతు కిందికి దిగింది. మెట్టు వెతుక్కుంటున్నట్టు, నెమ్మదిగా, స్పష్టంగా దిగింది. మేము అందుకున్నాం. ఎత్తింది అందుకోవడమే మాకు తెలుసు. నిండు మందిరం, రేకులు అదిరేటట్టు, ఒకే గొంతుతో అందుకుంది. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా, కళ్లు మూసుకునే అందుకున్నది నియమం గారు.

మొదటి పాదం దాటాక ఒక్కొక్కరికీ తెలిసింది. గోధుమ వెన్నులు కుట్టినామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాస్టరు గారి ముఖం పాలిపోయింది. బయటినుంచి వచ్చినవాళ్లకు ఏమీ తెలియదు, పాట బాగుందని వింటున్నారు. నియమం గారు కళ్లు తెరిచారు. ఆపాలంటే ఆయన చెయ్యెత్తితే చాలు. ఆ పెళ్లిలో నాయనమ్మ అరిచినట్టు ఎవరైనా ఒక్క అరుపు అరిస్తే చాలు. ఆయన చెయ్యి కండువా కింద కదిలింది. బయటికి రాలేదు. నోరు ఆగలేదు. ఆగడం చేతకాక ఆగలేదో, తెలిసే ఆగలేదో నాకు ఇప్పటికీ తెలియదు. చెంపలు తడిసిపోయి ఆయన రెండో పాదం పాడారు. ఆయన పాడుతుంటే మిగతావాళ్లు ఎలా ఆపుతారు? నా పెదవులు కూడా కదిలాయి. ఆ రోజు వాటి వెంట గొంతు వచ్చింది.

పాట బాగా లేదు. తాళం లేదు కదా, ఎవరికి వాళ్లు లాగుతూ, ఈడ్చుకుంటూ నడిచింది. అతను వింటే ముఖం ముడుచుకునేవాడు.

మొదటి చరణం ఎత్తి, మేము దాన్ని పూర్తిగా అందుకున్నామని తెలిశాక, పల్లవక్క పాడటం ఆపింది. ఆమె ఆపినా పాట ఆగలేదు. కాసేపు నిలబడి విన్నది. మేకు నుంచి సంచీ తీసి భుజానికి వేసుకుంది. బెంచీల పక్కగా ముందుకు నడిచి, తెర అంచు పైకెత్తి లోపలికి వెళ్లింది. తెర కింది నుంచి ఆమె పాదాలు కనిపించాయి. దుప్పటి ముక్క తీసి మడత పెట్టింది కాబోలు, కొంచెం ఆలస్యమైంది. పక్క తలుపు తెరుచుకుంది. ఎండ లోపలికి పడింది. ఆమె చంకలో డోలక్కు ఉంది, చంటివాణ్ణి ఎత్తుకున్నట్టు, కింద ఒక చెయ్యి వేసి ఎత్తుకుంది.

పిలవాలనుకున్నాను. నా ముందున్నవాళ్లూ అనుకునే ఉంటారు, తలలు అటు తిరిగాయి. కానీ అందరి నోళ్లూ పాటతో నిండి ఉన్నాయి. పిలవాలంటే పాట ఆపాలి. ఆపితే అతనికిచ్చింది సగంలో తెగిపోతుంది. మేము రెండో చరణంలోకి వెళ్లాం. ఆమె వెనక్కి చూడకుండా మెట్లు దిగి, మా వైపు ఒక్క మాటైనా అనకుండా, గేటు దాటి వెళ్లిపోయింది.